చిన్న ఆఫీసుల్లో అడ్మిన్ హక్కులు తగ్గించడం: పని ఆగకుండా చేసే పద్ధతి

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అసెంబుల్ చేయించి తెచ్చిన సిస్టమ్‌ను ఆఫీసులో పెట్టి ఆన్ చేస్తే చాలాసార్లు కనిపించేది ఒక్కటే అకౌంటు. పేరు ‘యూజర్’ అనో ‘అడ్మిన్’ అనో ఉంటుంది. పాస్‌వర్డ్ ఉండదు, ఉన్నా 1234. పొద్దున అకౌంటెంటు, మధ్యాహ్నం రిసెప్షన్‌లో అమ్మాయి, సాయంత్రం ఓనరుగారి అబ్బాయి, అందరూ అదే లాగిన్‌తో కూర్చుంటారు. ఆ లాగిన్‌కు సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉంటుంది. హిమాయత్‌నగర్ ఆడిట్ ఆఫీసులు, రాణీగంజ్ షాపులు, దిల్‌సుఖ్‌నగర్ క్లినిక్కులు, ఎక్కడ చూసినా ఇదే వరస. హైటెక్ సిటీ కంపెనీల్లో దీన్ని చూసుకోవడానికి ఒక డిపార్ట్‌మెంటే ఉంటుంది. ఇక్కడ చెప్పేది 5 నుంచి 25 సిస్టమ్‌లు ఉండి, అన్ని సిస్టమ్‌ల లాగిన్‌లనూ ఒకచోట నుంచి నడిపే డొమైన్ సర్వర్ లేకుండా, ఏదైనా చెడితే ఇంజనీర్‌కు ఫోన్ చేసే ఆఫీసులకు. విండోస్ 11 ప్రొ ఉందనుకుని రాస్తున్నాం. హోమ్ ఎడిషన్‌లో తేడా వచ్చేచోట చెబుతాం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి, ఇంకా దాని మీదే ఉన్నవారు ముందు ఆ సంగతి చూసుకోవాలి.

హక్కు తీసేస్తే ఏం ఆగుతుంది, ఏం ఆగదు

ఏ ప్రోగ్రామైనా దాన్ని నడిపిన మనిషి హక్కులతోనే నడుస్తుంది. మెయిల్‌లో ‘ఇన్‌వాయిస్’ అని వచ్చిన ఫైలును అడ్మిన్ లాగిన్‌లో ఉన్న అకౌంటెంటు తెరిచి, విండోస్ అనుమతి అడిగే కిటికీలో ‘యెస్’ కూడా కొట్టాడంటే, ఆ ఫైలు యాంటీవైరస్‌లో తనకు తానే మినహాయింపు రాసుకోగలదు. విండోస్ దాచి ఉంచే పాత కాపీలను, అంటే షాడో కాపీలను, చెరిపేయగలదు. సర్వీసుగా కూర్చుని రీస్టార్ట్ అయిన ప్రతిసారీ లేవగలదు. ఆ సిస్టమ్‌లో మిగతావాళ్ల పాస్‌వర్డ్ హ్యాష్‌లు, అంటే పాస్‌వర్డ్‌లను మార్చి దాచిన సంకేతాలు, తీసుకుని, వాటితో పక్క సిస్టమ్‌లోకి దూరగలదు. అడ్మిన్ హక్కులు లేని స్టాండర్డ్ యూజర్ లాగిన్‌లో తెరిస్తే, విండోస్‌లో ప్యాచ్ వేయని లోపం ఏదీ లేనంతవరకు, ఇవేవీ దాని చేతికి రావు.

ఆగనివి కూడా ఉన్నాయి. ఆ అకౌంటెంటు సొంత డాక్యుమెంట్లు, గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, అన్నిటికంటే ముఖ్యంగా అతనికి రాసే హక్కున్న షేర్డ్ ఫోల్డర్ మొత్తం ఆ ఫైలుకు అందుబాటులోనే ఉంటాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌కు, మీ డేటాకు తాళం వేయడానికి అడ్మిన్ హక్కు అక్కర్లేదు. ఆ మనిషికి ఉన్న ‘మోడిఫై’ హక్కు, అంటే ఫైళ్లను మార్చే, చెరిపే హక్కు చాలు. అందుకే ఈ పని రెండు భాగాలు: సిస్టమ్‌ల మీద అడ్మిన్ తీసేయడం ఒకటి, షేర్డ్ ఫోల్డర్‌లో ఎవరు ఎంతవరకో కట్టడి చేయడం రెండోది. చాలామంది మొదటిది చేసి ఆగిపోతారు. డేటాను కాపాడేది ఎక్కువగా రెండోదే.

‘యెస్, నో అని అడుగుతుంది కదా, అది చాలదా’ అనే ప్రశ్న వస్తుంది. ఆ యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్) కిటికీ విస్టా కాలం నుంచి ఉంది. అడ్మిన్ అకౌంటులో అది ఒక్క క్లిక్కుతో దాటే గడప. రోజుకు నాలుగుసార్లు కనిపించేదాన్ని ఎవరూ చదవరు. ఆ క్లిక్కు లేకుండానే పక్కదారిలో దాటే పద్ధతులు కూడా ఉన్నాయి. దీన్ని భద్రతా సరిహద్దుగా లెక్కపెట్టబోమని మైక్రోసాఫ్టే చెబుతుంది. స్టాండర్డ్ అకౌంటులో అదే కిటికీ వేరే మనిషి పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడ నిజంగా ఆగుతుంది.

ఓనరుగారితో మొదలుపెట్టండి

చిన్న ఆఫీసుల్లో ‘స్టాఫ్‌కు తీసేయండి, నాకు మాత్రం ఉంచండి’ అనే మాట వస్తుంది. మోసపు మెయిళ్లు ముందు వచ్చేది ఓనరు మెయిల్‌కే. బ్యాంకు లాగిన్ ఉండేది ఆయన ల్యాప్‌టాప్‌లోనే. రోజూ వాడే అకౌంటు ఎవరిదైనా, ఎంత పెద్దవారిదైనా, స్టాండర్డ్‌గానే ఉండాలి. ఓనరుకు అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసి ఉండటం న్యాయమే. అది వేరే అకౌంటుది కావాలి, అవసరం పడినప్పుడు మాత్రమే టైపు చేయాలి.

ఎక్కువ అధికారం ఉన్న అకౌంట్లు ఎన్ని ఉంటే అన్ని తలుపులు. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఒక సహకార బ్యాంకు సర్వర్‌లోకి చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా దోచుకున్నారు. ఉద్యోగులకు పంపిన ఫిషింగ్ (మోసపు) మెయిళ్లతో లోపలికి దారి దొరికిందనీ, పూర్తి అధికారం ఉన్న సూపర్ యూజర్ అకౌంట్లు అవసరానికి మించి ఉన్నాయనీ దర్యాప్తు తర్వాత నగర పోలీసులు చెప్పారు. పది సిస్టమ్‌ల ఆఫీసుకైనా ఆ లెక్కే వర్తిస్తుంది.

ముందు ఒక కాగితం

సిస్టమ్‌ల దగ్గరకు వెళ్లకముందే ఒక పట్టిక రాసుకోండి. ఒక్కో వరుసలో సిస్టమ్ పేరు, దాని మీద కూర్చునే మనుషులు, రోజూ వాడే సాఫ్ట్‌వేర్లు, ఆ సిస్టమ్‌కు తగిలించిన ప్రింటర్, స్కానర్, డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్, వేలిముద్ర మిషన్. ఆఖరి గడిలో ఒక ప్రశ్న: ఈ మనిషికి అడ్మిన్ పాస్‌వర్డ్ ఎందుకు కావాల్సి వస్తుంది? ‘అప్పుడప్పుడు’ అనే జవాబు రాయకండి. ఏ సాఫ్ట్‌వేర్‌కు, ఏ పని చేసేటప్పుడు అని రాయండి. ఈ గడి నింపితే, ఏ సిస్టమ్‌లో ఏం ఆగిపోతుందో ముందే తెలిసిపోతుంది. మార్పును నెలాఖరులో గానీ, జీఎస్టీ రిటర్న్ గడువు దగ్గరపడ్డ 11, 20 తేదీల ముందు గానీ పెట్టుకోకండి. నెల చివరి వారం రాకముందు, 21 తర్వాత రెండు మూడు రోజులు అనువుగా ఉంటాయి.

సిస్టమ్ మీద చేయాల్సిన వరుస

ఈ వరుస తప్పకండి. తప్పితే మీ సిస్టమ్‌కు మీరే బయట నిలబడాల్సి వస్తుంది.

1. డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని డేటాకు తాళం, ఉందో లేదో చూడండి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి అది తానే ఆన్ అయి ఉంటుంది. దాని 48 అంకెల రికవరీ కీ, మొదట సెటప్ చేసినప్పుడు ఎవరి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యారో వారి అకౌంటులోకి వెళ్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఉద్యోగి సొంత మెయిల్‌తో సెటప్ చేస్తే తాళంచెవి అతని దగ్గరే ఉన్నట్టు. ఆ కీని ముందు కాగితం మీదకి ఎక్కించి బీరువాలో పెట్టండి.

2. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, కంప్యూటర్ మేనేజ్‌మెంట్, లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్, యూజర్స్. అక్కడ కొత్త అకౌంటు తెరవండి. పేరు ‘అడ్మిన్’ అని పెట్టకండి, ఊహకందని పేరు పెట్టండి. పాస్‌వర్డ్ కనీసం 14 అక్షరాలు, ఒక్కో సిస్టమ్‌కు వేరేది. హోమ్ ఎడిషన్‌లో ఈ పేజీ ఉండదు. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్ లోంచి మైక్రోసాఫ్ట్ అకౌంటు లేని యూజర్‌గా చేర్చాలి. అది మూడు భద్రతా ప్రశ్నలు అడుగుతుంది. ‘మీరు పుట్టిన ఊరు’ లాంటివాటికి నిజం జవాబు రాస్తే, అది తెలిసినవాళ్లెవరైనా పాస్‌వర్డ్ మార్చేయగలరు. కాబట్టి అర్థంలేని అక్షరాలు రాయండి.

3. ఆ కొత్త అకౌంటును అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో చేర్చండి. సైన్ అవుట్ చేసి దానితో లాగిన్ అయి, ఏదైనా ఒక చిన్న సెట్టింగ్ మార్చి చూడండి. పని చేసిందని కళ్లతో చూశాకే తర్వాతి మెట్టు.

4. రోజూ వాడే పాత అకౌంటును అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులోంచి తీసేయండి. వెంటనే ‘యూజర్స్’ గ్రూపులో దాని పేరు ఉందో లేదో చూడండి. రెండింటిలోనూ లేకపోతే లాగిన్ తెర మీద ఆ పేరే కనిపించకపోవచ్చు.

5. ఒకే సిస్టమ్ ఇద్దరు వాడుతుంటే రెండో మనిషికి సొంత స్టాండర్డ్ అకౌంటు ఇవ్వండి. ‘కామన్’ లాగిన్ ఉన్నంతకాలం ఎవరేం చేశారో చెప్పే దారి ఉండదు.

6. సైన్ అవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వాలి. గ్రూపు మార్పు అమల్లోకి వచ్చేది కొత్త లాగిన్‌తోనే. తెర లాక్ చేసి తీస్తే చాలదు. ‘తీసేశాం కానీ ఇంకా ఇన్‌స్టాల్ అవుతోంది’ అనే ఫిర్యాదుకు మామూలుగా కారణం ఇదే.

విండోస్‌తో పుట్టే ‘అడ్మినిస్ట్రేటర్’ అకౌంటు ఆపివేసే ఉంటుంది. సర్వీసుకు వచ్చినవాళ్లు దాన్ని తెరిచి వదిలేసి ఉంటే మూసేయండి.

మొదటి వారంలో ఆగిపోయేవి

పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ముందు గొడవ పెడతాయి, అదీ కళ్లకు కనిపించకుండా. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే డేటా రాసే పాత 32 బిట్ సాఫ్ట్‌వేర్‌ను స్టాండర్డ్ యూజర్ నడిపితే, విండోస్ దాన్ని ఆపదు. ఆ రాతను యూజర్ ప్రొఫైల్‌లోని యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌లోకి మళ్లిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ లక్ష్మి కొట్టిన బిల్లులు ఆమె ప్రొఫైల్‌లో, రమేశ్ కొట్టినవి అతని ప్రొఫైల్‌లో చేరతాయి. ‘నేను ఎంట్రీ చేసింది ఆయన లాగిన్‌లో కనిపించట్లేదు’ అంటే ముందు వర్చువల్‌స్టోర్ చూడండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌ను మాత్రమే బ్యాకప్ తీసే ఆఫీసులో ఆ రోజు నుంచి కొత్త బిల్లులు బ్యాకప్‌లోకే రావు. మందు ఏంటంటే, సాఫ్ట్‌వేర్‌లో డేటా దారిని డీ డ్రైవ్‌లో వేరే ఫోల్డర్‌కు మార్చి, ఆ ఫోల్డర్‌కు మాత్రమే సంబంధిత గ్రూపుకు ‘మోడిఫై’ ఇవ్వడం. దారి మార్చే వీలు లేకపోతే ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో డేటా ఉండే సబ్‌ఫోల్డర్‌కు ఇవ్వండి. ప్రోగ్రామ్ ఫోల్డర్ మొత్తానికి ఇస్తే, అసలు ప్రోగ్రామ్ ఫైలునే ఎవరైనా మార్చి పెట్టగలరు. తర్వాత అడ్మిన్ దాన్ని నడిపినప్పుడు ఆ మార్చిన ఫైలు అడ్మిన్ హక్కుతో నడుస్తుంది.

ఏ ఫోల్డర్ అడుగుతోందో తెలియకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ మానిటర్‌ను అడ్మిన్‌గా నడిపి, ఫలితం ‘యాక్సెస్ డినైడ్’ అని ఉన్న వరుసలను మాత్రమే వడగట్టండి. సాఫ్ట్‌వేర్ ఎక్కడ తలబాదుకుంటోందో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ‘అడ్మిన్ లేకపోతే మా సాఫ్ట్‌వేర్ నడవదు’ అని వెండర్ చెప్పిన చాలా సందర్భాల్లో అక్కడ దొరికేది ఒక ఫోల్డరో, విండోస్ సెట్టింగ్‌లు దాచే రిజిస్ట్రీలో ఒక కీయో మాత్రమే.

ప్రింటర్లు. 2021లో బయటపడ్డ ప్రింట్‌నైట్‌మేర్ లోపం తర్వాత, ఆ ఏడాది ఆగస్టు అప్‌డేట్ నుంచి నెట్‌వర్క్ ప్రింటర్ డ్రైవర్ ఎక్కించడానికి అడ్మిన్ కావాలి. కొత్త ప్రింటర్ వచ్చిన రోజే అన్ని సిస్టమ్‌లలో అడ్మిన్ లాగిన్‌తో డ్రైవర్ ఎక్కించేయండి. ఆ నిబంధనను రిజిస్ట్రీలో ఆపేసే చిట్కాలు తిరుగుతుంటాయి, వాటి జోలికి వెళ్లకండి.

గడియారం. స్టాండర్డ్ యూజర్ తేదీ, సమయం మార్చలేరు. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. బ్యాంకు సైటు, జీఎస్టీ పోర్టల్ సర్టిఫికెట్ తప్పు అంటూ తెరుచుకోవు. అకౌంటెంటు ‘తేదీ మార్చుకోవడానికి అడ్మిన్ ఇవ్వండి’ అంటాడు. ఇవ్వాల్సింది కొత్త బిళ్ల.

డీఎస్‌సీ సంతకాలు. టోకెన్ డ్రైవర్ ఎక్కించడానికి ఒకసారి అడ్మిన్ కావాలి, తర్వాత అక్కర్లేదు. కానీ పోర్టళ్లకు వాడే ఈఎమ్‌సైనర్ లాంటి సంతకం సాఫ్ట్‌వేర్లలో కొన్ని వెర్షన్లు ప్రతిసారీ ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అడుగుతాయి. ఆడిట్ ఆఫీసులో దీనికి సరైన దారి, సంతకాలకే ఒక సిస్టమ్‌ను కేటాయించడం. దాని మీద మెయిల్ ఉండదు, వాట్సాప్ ఉండదు, పోర్టళ్లు తప్ప వేరే సైటు తెరవరు. టోకెన్ పని అయ్యాక డ్రాయర్‌లోకి వెళ్లాలి. సీపీయూకు గుచ్చి వదిలేసిన టోకెన్, మానిటర్ మీద అంటించిన పిన్ కలిస్తే, అది క్లయింటు సంతకాన్ని ఇంకొకరి చేతిలో పెట్టినట్టే.

డీటీపీ చేసేవారికి ఫాంట్ల సమస్య వస్తుంది. స్టాండర్డ్ యూజర్ ఫాంటు వేసుకోగలరు, కానీ అది ఆ యూజర్‌కే పడుతుంది. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి అలా పడ్డ ఫాంటు కనిపించదు. అడ్మిన్‌తో ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ కొట్టి ఒకేసారి అన్నీ వేసేయండి. ఇక సీసీ కెమెరా, బయోమెట్రిక్ మిషన్ల కోసం ఐపీ అడ్రస్ మార్చాల్సిన మనిషి ఉంటే, అతన్ని ‘నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్’ గ్రూపులో చేర్చితే చాలు. పూర్తి అడ్మిన్ అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. అడ్మిన్ పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే షార్ట్‌కట్‌లు కొందరు సర్వీసువాళ్లు డెస్క్‌టాప్ మీద చేసి ఇస్తారు. ‘రన్ యాజ్’కు ‘సేవ్‌క్రెడ్’ తగిలిస్తే అలా అవుతుంది. ఒకసారి సేవ్ అయ్యాక ఆ యూజర్ ఆ ఒక్క ప్రోగ్రామే కాదు, ఏ ప్రోగ్రామైనా అదే పద్ధతిలో అడ్మిన్‌గా నడపగలరు. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి అలాంటివి ఉంటే తీసేయండి.

షేర్డ్ ఫోల్డర్

ఒక సిస్టమ్‌లో డీ డ్రైవ్ మొత్తాన్ని ‘ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్’ అని షేర్ చేయడం మన ఆఫీసుల్లో మామూలు. జీతాల షీటు, క్లయింట్ల పాన్ కాపీలు, టాలీ డేటా, బ్యాకప్, పెళ్లి ఫోటోలు అన్నీ అందులోనే. ఒక్క సిస్టమ్‌కు పట్టిన తెగులు అన్నింటికీ అంటేది ఈ దారినే.

విండోస్‌లో షేర్ మీద ఒక హక్కు, డిస్క్ మీద ఎన్‌టీఎఫ్‌ఎస్ హక్కు ఇంకోటి ఉంటాయి. నెట్‌వర్క్ నుంచి వచ్చేవారికి రెండింటిలో ఏది తక్కువైతే అదే దక్కుతుంది. రెండుచోట్లా సరిచేస్తూ కూర్చుంటే గందరగోళం తప్పదు. షేర్ మీద ‘ఎవ్రీవన్’ తీసేసి ‘ఆథెంటికేటెడ్ యూజర్స్’కు ‘చేంజ్’ ఇచ్చి వదిలేయండి. అసలు కట్టడి అంతా ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లో చేయండి.

సర్వర్‌గా వాడే సిస్టమ్‌లో ప్రతి ఉద్యోగి పేరుతో ఒక స్టాండర్డ్ అకౌంటు తెరవండి. అతని సొంత సిస్టమ్‌లో ఉన్న యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇక్కడా అచ్చంగా అవే అయితే మళ్లీ అడగకుండా షేర్ తెరుచుకుంటుంది. విండోస్ 11 24హెచ్2కి మారాక ‘షేర్ తెరుచుకోవట్లేదు’ అన్నవాళ్లలో చాలామంది పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు వాడుతున్నవారే. ఆ వెర్షన్‌లో గెస్ట్ లాగిన్‌ను ప్రొ ఎడిషన్‌లోనూ మూసేశారు, షేర్లు నడిచే ఎస్‌ఎంబీ పద్ధతిలో డిజిటల్ సంతకం తప్పనిసరి చేశారు. గెస్ట్‌ను మళ్లీ తెరిచే రిజిస్ట్రీ చిట్కా వెతక్కండి. పేరు పేరునా అకౌంట్లు ఇస్తే సమస్యే ఉండదు. మామూలు విండోస్ సిస్టమ్‌ను సర్వర్‌గా వాడితే ఒకేసారి 20 కనెక్షన్లే తీసుకుంటుందని గుర్తుంచుకోండి. 21వది తిరస్కరిస్తుంది, అది హక్కుల సమస్య కాదు.

ఇక ఫోల్డర్లు. హక్కులు మనుషుల పేర్ల మీద ఇవ్వకండి, గ్రూపులకు ఇవ్వండి. ఆడిట్ ఆఫీసుకు ఇలా సరిపోతుంది: ‘క్లయింట్లు’ ఫోల్డర్‌కు ఆర్టికల్స్ (సీఏ ట్రైనీలు), అకౌంటెంట్ల గ్రూపుకు మోడిఫై. ‘ఫార్మాట్లు’ ఫోల్డర్‌కు అందరికీ రీడ్, ఒక సీనియర్‌కు మోడిఫై. ‘జీతాలు’ ఫోల్డర్‌కు ఇద్దరికే. ‘పాత సంవత్సరాలు’ ఫోల్డర్‌కు అందరికీ రీడ్ మాత్రమే.

ఆ ఆఖరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు, జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. అంటే మీ డిస్క్‌లో ఎక్కువ భాగం ఎవరూ మార్చాల్సిన అవసరం లేని పాత ఫైళ్లే. రిటర్న్‌లు వేసి, ఆడిట్ అయిన సంవత్సరాన్ని ఈ ఫోల్డర్‌లోకి జరిపేస్తే, ఏ ఉద్యోగి లాగిన్‌లో రాన్సమ్‌వేర్ లేచినా ఆ ఫైళ్లను చదవగలదే తప్ప తాళం వేయలేదు. ఒక్క మధ్యాహ్నం పనితో ఇంత రక్షణ ఇంకెక్కడా రాదు.

చేసేటప్పుడు పట్టించుకోవాల్సినవి. ఫోల్డర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లో పై ఫోల్డర్ హక్కులు కిందికి రాకుండా ఆపే ‘డిజేబుల్ ఇన్‌హెరిటెన్స్’ నొక్కినప్పుడు రెండు దారులు చూపిస్తుంది. పై హక్కులను ఇక్కడికి కాపీ చేసుకునే దారి, అంటే ‘కన్‌వర్ట్’ ఎంచుకుని, తర్వాత అక్కర్లేని ‘యూజర్స్’, ‘ఎవ్రీవన్’ వరుసలు తీసేయండి. మొత్తం తుడిచేసే దారి ఎంచుకుంటే అడ్మిన్‌కు, విండోస్ సొంత ‘సిస్టమ్’ అకౌంటుకు కూడా హక్కు పోయి బ్యాకప్ ఆగిపోతుంది. స్టాఫ్‌కు మోడిఫై దాటి ఇవ్వకండి. ఫుల్ కంట్రోల్ ఉంటే హక్కులనే మార్చుకోగలరు. ‘డినై’ (నిరాకరణ) పెట్టి గెలుద్దామనుకోకండి. ఒక మనిషి రెండు గ్రూపుల్లో ఉంటే డినై గెలిచి, ఎందుకు ఆగిందో వెతకడానికి పూట పడుతుంది. ఇవ్వకపోవడమే చాలు. అదే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి మూవ్ చేసిన ఫైళ్లకు పాత హక్కులే వెంట రావచ్చు, కాపీ చేస్తే కొత్తచోటి హక్కులు వస్తాయి. అందుకే పాత సంవత్సరాలను జరిపాక అడ్వాన్స్‌డ్‌లో ‘ఎఫెక్టివ్ యాక్సెస్’ ట్యాబ్ తెరిచి, ఒక ఆర్టికల్ పేరు పెట్టి, రైట్ హక్కు నిజంగా పోయిందో లేదో చూడండి.

బ్యాకప్ ఫోల్డర్ మీద ఏ ఉద్యోగికీ, ఓనరు రోజువారీ అకౌంటుకూ హక్కు ఉండకూడదు. బ్యాకప్ కోసమే ఒక అకౌంటు పెట్టి, బ్యాకప్ ఉండే సిస్టమే వచ్చి డేటా తీసుకెళ్లేలా పెట్టండి. ఆఫీసు సిస్టమ్‌ల నుంచి అక్కడికి రాసే దారి ఉండకూడదు. ఎక్స్‌టర్నల్ డిస్క్ అయితే పని కాగానే తీసేయాలి. గుచ్చి ఉంచిన డిస్క్ డేటాతో పాటే పోతుంది.

టాలీలో

మల్టీ యూజర్ టాలీలో వాడేవారందరికీ డేటా ఫోల్డర్ మీద రాసే హక్కు ఉండాల్సిందే. టాలీప్రైమ్ సర్వర్ తీసుకుంటే తప్ప దాన్ని విండోస్ వైపు మూయలేం. కాబట్టి టాలీ డేటాను మిగతా ఫైళ్లలో కలపకుండా వేరే షేర్‌లో పెట్టండి, దాని గ్రూపులో టాలీ వాడేవారిని మాత్రమే ఉంచండి, రోజుకు కనీసం రెండుసార్లు బ్యాకప్ పెట్టండి.

టాలీ లోపల కంపెనీ ఆల్టరేషన్‌లో ‘కంట్రోల్ యూజర్ యాక్సెస్ టు కంపెనీ డేటా’ను యెస్ చేయండి. అప్పుడు ఆల్ట్, కె నొక్కితే వచ్చే మెనూలో యూజర్ రోల్స్, యూజర్స్ అండ్ పాస్‌వర్డ్స్ కనిపిస్తాయి. వోచర్లు కొట్టేవారికి డేటా ఎంట్రీ రోల్ ఇచ్చి, అందులోనే వెనక తేదీ వోచర్లకు రోజుల పరిమితి పెట్టండి. మూడు రోజులు చాలు. కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి మార్పుల చరిత్ర ఉంచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. అందరూ ఒకే యూజర్ కింద ఎంట్రీలు కొడితే ఎడిట్ లాగ్ నిండా ఒకటే పేరు ఉంటుంది, ఆడిటర్‌కు దానితో ఏం తేలదు.

పాస్‌వర్డ్‌లు, బయటి ఇంజనీర్లు

అన్ని సిస్టమ్‌లలో ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ పెడితే, ఒక సిస్టమ్‌లో హ్యాష్ దొరికినవాడికి అన్నీ దొరికినట్టే. అసలు పాస్‌వర్డ్ తెలియకుండానే హ్యాష్‌తో పక్క సిస్టమ్‌లోకి వెళ్లే పద్ధతి ఉంది. వేర్వేరు పాస్‌వర్డ్‌లను ఒక పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచి, ఒక ప్రింటు సీలు వేసిన కవరులో ఓనరు బీరువాలో ఉంచండి. డొమైన్ లేదా లాగిన్‌లను క్లౌడ్ నుంచి నడిపే మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఉన్నవారికి ఈ శ్రమ అక్కర్లేదు. 2023 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే ఉన్న ల్యాప్స్, ప్రతి సిస్టమ్ పాస్‌వర్డ్‌ను తానే మార్చి దాస్తుంది.

బయటి ఇంజనీర్‌కు మీ అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పకండి. ‘వెండర్’ అని ఒక అడ్మిన్ అకౌంటు చేసి డిజేబుల్‌లో ఉంచండి. వచ్చిన రోజు ఎనేబుల్ చేసి కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి, వెళ్లగానే మళ్లీ మూసేయండి. దూరం నుంచి సిస్టమ్ నడిపే ఎనీడెస్క్ లాంటివాటిలో ‘అన్‌అటెండెడ్ యాక్సెస్’ పాస్‌వర్డ్ పెట్టించుకోవద్దు. ఎవరైనా కనెక్ట్ కావాలంటే ఆఫీసులో ఒకరు ‘యాక్సెప్ట్’ నొక్కాలి, పని అయ్యేదాకా తెర చూస్తూ ఉండాలి.

స్టాండర్డ్ యూజర్ కూడా తన యాప్‌డేటాలోకి చాలా ప్రోగ్రామ్‌లు దించి నడపగలరు. అదీ ఆపాలంటే యాప్‌లాకర్ ఉంది, విండోస్ 11 ప్రొలోనూ పనిచేస్తుంది. లోకల్ సెక్యూరిటీ పాలసీలో డిఫాల్ట్ రూల్స్ పెట్టి, అప్లికేషన్ ఐడెంటిటీ సర్వీసు ఆటోమేటిక్‌గా లేచేలా చేసి, ముందు రెండు వారాలు ‘ఆడిట్ ఓన్లీ’లో ఉంచండి. లాగ్ చూడకుండా నేరుగా అమలు చేస్తే పని ఆగిపోయి, మర్నాడే తీసేయాల్సి వస్తుంది.

లాగ్‌లు

ఎవరేం చేశారో రాసుకునే విండోస్ సెక్యూరిటీ లాగ్ మామూలుగా 20 ఎంబీకి నిండి పాతవి చెరిగిపోతాయి. ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ ప్రాపర్టీస్ తెరిచి 262144 కేబీ, అంటే 256 ఎంబీ చేయండి. నెలకోసారి ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి బ్యాకప్‌లో పెట్టండి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగ్‌లను 180 రోజులు ఉంచాలి, సైబర్ దాడిని గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

లాగ్‌లో చూడాల్సిన ఈవెంట్ నంబర్లు మూడు: 4720 అంటే కొత్త అకౌంటు పుట్టింది, 4732 అంటే ఎవరినో లోకల్ గ్రూపులో చేర్చారు, 4625 అంటే లాగిన్ విఫలమైంది. రాత్రి పదింటికి వరుసగా వందల 4625లు పడ్డాయంటే ఎవరో పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తున్నారు. ముందు రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు బయటికి తెరిచి ఉందేమో చూసి మూసేయండి.

ఉద్యోగి మానేసినప్పుడు

మానేసే రోజు సాయంత్రం, ఆయన సీటు లేచేలోపే ఇది అయిపోవాలి. విండోస్ అకౌంటును డిజేబుల్ చేయండి, డిలీట్ చేయకండి. డిలీట్ చేస్తే ఫోల్డర్ హక్కుల్లో ఆ పేరు బదులు ఎస్-1-5 తో మొదలయ్యే పొడుగాటి అంకెలు మిగులుతాయి, ఎవరివో తర్వాత చెప్పలేరు. అదే పేరుతో మళ్లీ తెరిచినా పాత హక్కులు రావు. సర్వర్ సిస్టమ్‌లోని ఆయన అకౌంటూ, టాలీ యూజరూ, మెయిలూ మూసేసి, మెయిల్‌లో అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ కొట్టండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఫోన్‌లో తెరిచి ఉన్న మెయిల్ వెంటనే మూసుకోకపోవచ్చు. ఆఫీసు వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి. పోర్టళ్లలో ఓటీపీ ఆయన మొబైల్‌కు వెళ్తుంటే నంబరు మార్చండి. ఆయనకు తెలిసిన ప్రతి అడ్మిన్ పాస్‌వర్డ్‌నూ, వైఫై పాస్‌వర్డ్‌నూ ఆ రోజే మార్చండి.

మనిషి సీటు మారినప్పుడు కూడా ఇంతే జాగ్రత్త కావాలి, అక్కడే ఎక్కువమంది మరిచిపోతారు. బిల్లింగ్ నుంచి కొనుగోళ్లకు వెళ్లిన వ్యక్తికి కొత్త గ్రూపు ఇస్తారు, పాతది తీయరు. రెండేళ్లలో అతనికి ఆఫీసు మొత్తం తెరుచుకుంటుంది. మూడు నెలలకోసారి ప్రతి సిస్టమ్‌లో అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపు, సర్వర్‌లో ఫోల్డర్ గ్రూపులు తెరిచి, మొదట్లో రాసుకున్న పట్టికతో ఒక్కో పేరూ సరిచూడండి. పట్టికలో లేని పేరు కనిపిస్తే 4732 ఏ రోజు, ఎవరి లాగిన్‌తో పడిందో వెతికి, కారణం తెలుసుకుని, అప్పుడు తీసేయండి.